నూనె అంటుకుంటే మూతా? తడి గుడ్డా?

కొత్త వంటవాడు, కడప:
ఎర్రముక్కపల్లిలో రూము తీసుకొని నెలైంది. నిన్న ఉగ్గానిలోకి బజ్జీలు వేద్దామని బాండ్లిలో శెనక్కాయ నూనె పెట్టి, ఫోనొస్తే బయటికి పోయినా. వచ్చేసరికి పొగ, ఆ వెంటనే మంట. స్టవ్ ఆపేసి పళ్లెం బోర్లిస్తే ఆరింది. రెండు నిమిషాలకు తీసి చూస్తే మళ్లీ భగ్గుమంది! రూమ్మేటేమో తడి గుడ్డ వేసుంటే ఒకేసారి పోయేది అంటాడు. ఏది సరి?

అనంతపురం అక్క:
తడి గుడ్డే నాయనా. గ్యాస్ వాళ్లు మా వీధిలో చేసి చూపించినారు. సిలిండర్ మూతి దగ్గర మండుతుంటే తడి గోనెపట్టా కప్పినారు, టక్కున ఆరిపోయింది.

కర్నూలు మెస్సు:
అక్కా, మీరు చూసింది గ్యాస్ మంట. నూనె సంగతి వేరు. నీళ్లు 100 డిగ్రీలకే ఆవిరైతాయి, అంటుకున్న నూనె 300 దాటి ఉంటాది. గుడ్డలోంచి కారిన నీళ్లు నూనె కంటే బరువు గనక అడుక్కి దిగుతాయి, ఆడ ఆవిరై దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతాయి. పైనున్న నూనెంతా మంటతో సహా చిమ్ముతాది. మా మెస్సులో ఒక పిల్లోడు కంగారులో చెంబుడు నీళ్లు పోసినాడు, మంట అటక దాకా లేచింది. వాని ముంజేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నా.
తమ్ముడూ, నువ్వు చేసింది సరే. మూత తీయడమే తొందరపడినావు. గాలి తగిలితే వేడి నూనె మళ్లీ అంటుకుంటాది. పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోవద్దు, బాండ్లిని ఎత్తుకొని బయటికి పరిగెత్తొద్దు.

ప్రొద్దుటూరు:
నేను ఒప్పుకోను. కొత్తవాళ్లను ఆర్పమనడమే తప్పు. బయటికొచ్చి తలుపేసి 101కి ఫోన్ చేయమనాల.

కర్నూలు మెస్సు:
మంట బాండ్లి దాటి గోడకో అటకకో పాకితే మీ మాటే నా మాట, అన్నీ వదిలి బయటికి రావాల. బాండ్లి లోపలే ఉండి, మూత చేతికందేటట్టుంటే ఆ ఒక్క పని చేయొచ్చు. అందుకే స్టవ్ వెలిగించక ముందే మూత పక్కన పెట్టుకోమంటా.

అనంతపురం అక్క:
సరే, గోనెపట్టా సిలిండర్‌కే ఉంచుకుంటా. మా ఇంట్లో ఉన్నది గాజు మూత. పనికొస్తాదా?

కర్నూలు మెస్సు:
వద్దక్కా, ఆ వేడికి పగలొచ్చు. బాండ్లి కంటే కొంచెం వెడల్పున్న స్టీలుది తెచ్చుకోండి.