శిక్షణ ఇచ్చిన కంపెనీ, మానేసిన ఉద్యోగి నుంచి ఖర్చు రాబట్టుకోవచ్చా?

మారతహళ్లి మిత్రుడు:
మా తమ్ముడు ఇక్కడ బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరినప్పుడు, రెండేళ్లలోపు మానేస్తే లక్షన్నర చెల్లిస్తానని బాండు రాయించుకొని, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తమ దగ్గరే ఉంచుకున్నారు. శిక్షణ పేరుతో జరిగింది మూడు వారాలపాటు ఎప్పటివో వీడియోలు చూపించడమే. దీన్ని శిక్షణ అనాలా, వెట్టి అనాలా?

పీణ్య పాతకాపు:
మూడు వారాల వీడియోలకు లక్షన్నర అడగడం అన్యాయమే. అయితే అసలు బాండే తప్పనడం నాకు సమ్మతం కాదు. పీణ్య పారిశ్రామికవాడలో మా షెడ్డులో చేరిన కుర్రవాడు మొదటి నెలంతా ఇనుప దిమ్మెను ఆకురాయితో రుద్ది, మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తాడు. సందులోంచి సన్నని గీతంత వెలుగు కనిపించినా మళ్లీ మొదటికి రావలసిందే. అతను సీఎన్‌సీ యంత్రం (కంప్యూటరు ఆదేశాలతో లోహాన్ని కోసేది) దగ్గర ఒంటరిగా నిలబడేసరికి ఏడాది గడుస్తుంది, ఆ ఏడాదిలో పాడైన ఇనుమూ విరిగిన టూల్సూ మా ఖాతాలోనే. హెచ్‌ఎంటీ వంటి ప్రభుత్వరంగ కర్మాగారాల్లో నేర్చుకున్నవారిలో చాలామంది పదవీ విరమణ దాకా అక్కడే ఉండేవారు కాబట్టి ఈ లెక్క ఎవరూ అడగలేదు. 1991 ఆర్థిక సంస్కరణల తరువాత పోటీ పెరిగింది. పక్క షెడ్డువాడు నేర్పే శ్రమ లేకుండా రెండు వేలు ఎక్కువిచ్చి మనిషిని పట్టుకుపోతున్నాడు. ఇలా రెండుసార్లు దెబ్బతిన్న చిన్న యజమాని నేర్పడమే మానేస్తాడు.

చట్టం చదివినవాడు:
పాతకాపు గారూ, పట్టుకుపోయింది పక్క షెడ్డువాడైతే బిల్లు కుర్రవాడికి పంపుతున్నారు. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు చెల్లించాలన్న షరతు చెల్లుతుందని, కర్ణాటక హైకోర్టు తీర్పును తోసిపుచ్చి చెప్పిన మాట నిజమే. (2019లో బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసేదాకా ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయం మన బెంగళూరులోనే ఉండేది.) సరళీకరణ తరువాత ప్రభుత్వ సంస్థలు ప్రైవేటు సంస్థలతో పోటీపడాలంటే అనుభవజ్ఞులను నిలుపుకోక తప్పదని కోర్టు భావించింది. కానీ అక్కడ లెక్కలోకి వచ్చిన ఖర్చు శిక్షణది కాదు, బహిరంగ ప్రకటన ఇచ్చి మళ్లీ నియామకం జరపడానికి అయ్యేది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం, బాండులో ఎంత రాసుకున్నా, దక్కేది ఆ మొత్తానికి లోబడిన సమంజసమైన పరిహారమే. వీడియోలకు లక్షన్నర ఎలా అయిందో ఆ కంపెనీ చూపించుకోవాలి.

పీణ్య పాతకాపు:
అందుకే నేను బాండు మొత్తాన్ని నెలనెలా తగ్గేలా రాయిస్తాను. ఇరవై నాలుగు నెలల్లో పద్దెనిమిది పనిచేసినవాడు నాలుగో వంతే కడతాడు. సర్టిఫికెట్లు మాత్రం ఎన్నడూ ఎవరి దగ్గరా తీసుకోలేదు. మారతహళ్లి మిత్రమా, ముందు వాటిని తిరిగి ఇవ్వమని తమ్ముడి చేత ఈమెయిల్ రాయించండి, ఫోనులో అడిగి ఊరుకోవద్దు.