మధురవాడ ఆఫీసుకి చవక ఎలక్ట్రిక్ బండి సరిపోతుందా?

విశాఖలో ఎంవీపీ కాలనీ నుంచి రోజూ మధురవాడ వెళ్లాలండి. బడ్జెట్ 60 వేలు. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేని బండొకటి షాపులో చూపించారు. ఉండేది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. కొనమంటారా?

జవాబు 1: లైసెన్సు అక్కర్లేదంటే మోటారు 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటదన్నమాట. హనుమంతవాక దాటాక ఎండాడ ఎత్తు ఎక్కాలి కదా గురూ! వెనక లారీ హారన్ కొడుతుంటే ఆ పాతిక కూడా రాదు. నా దగ్గర అలాంటిదే ఉంది. సందుల్లో రైతుబజారుకి బంగారంలాంటి బండి, హైవే మీదకి మాత్రం తియ్యను. మా ఆవిడ అసలే ఎక్కదు.

జవాబు 2: మూడో అంతస్తయితే బ్యాటరీ ఊడదీసి పైకి తెచ్చుకునేదే చూడండి. లెడ్ యాసిడ్ వద్దు, మోయలేరు. ఎన్ని కిలోమీటర్లొస్తుందని కాదు, ఎన్ని కిలోవాట్ అవర్లని (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) అడగండి. 2 కిలోవాట్ అవర్ల బ్యాటరీ నిండడానికి రెండున్నర యూనిట్ల లోపు కరెంటే అవుతుంది. ఎండలోంచి రాగానే ఛార్జింగ్ పెట్టకండి, కాస్త చల్లారనివ్వండి.

ప్రశ్న అడిగినవారు: అయితే రిజిస్ట్రేషన్ ఉన్నదే, సెకండ్ హ్యాండ్‌లో తీసుకోనా?

జవాబు 1: తీసుకో. బ్యాటరీ వారంటీ నీ పేరుకి మారుతుందో లేదో ముందే కాగితం మీద రాయించుకో. ట్రయల్ కూడా ఎండాడ ఎత్తు మీదే వెయ్యి, బ్యాటరీ సగానికి దిగాక.