మహిళా కౌన్సిలర్‌కి ఫోన్ చేస్తే భర్త ఎత్తుతున్నాడు. మరి సగం సీట్లు ఎవరికోసం?

గోదారిగట్టు: మా వీధి కాలువ పూడిపోయి పది రోజులైంది. కౌన్సిలర్‌గారికి ఫోన్ చేస్తే ఆయన ఎత్తారు. మేడమ్‌తో మాట్లాడాలంటే "నాకు చెప్పండి, అన్నీ నేనేగా చూసేది" అన్నారు. ఫ్లెక్సీలో ఆవిడ ఫొటో స్టాంపంత, ఈయనది తలుపంత. రాజ్యాంగం 74వ సవరణ మున్సిపాలిటీల్లో ఆడవాళ్లకి కనీసం మూడో వంతు సీట్లు అంది, మన రాష్ట్రంవాళ్లు సగం చేశారు. ఏం ఒరిగింది?

పాత గుమాస్తా: మున్సిపల్ ఆఫీసులో 31 ఏళ్లు చేశానండి. ఒకావిడకి మొదట్లో భర్తే ఎజెండా మీద పెన్సిల్‌తో టిక్కులు పెట్టి పంపేవాడు. మూడో ఏడు ఆవిడే ఫైలు తెప్పించుకుని "ఈ రోడ్డుకి పోయినేడే బిల్లు అయింది కదా?" అంది. రోడ్లు చూసే ఇంజనీరు, ఏఈగారు, మంచినీళ్లు అడిగారు.

గోదారిగట్టు: నేనడిగింది ఫోన్ ఎవరెత్తారని.

చింతచిగురు: మగ కౌన్సిలర్ ఫోన్ బావమరిది ఎత్తితే మాత్రం పీఏ అంటాం 🙂

పటమటోడు: రిజర్వేషన్ లేకుండానే 1962లో రాణీ కుముదినీ దేవి హైదరాబాద్ మేయరయ్యారు.

పాత గుమాస్తా: వనపర్తి సంస్థానం రాణికి రిజర్వేషన్ దేనికండీ? చేపల బుట్ట దింపి నామినేషన్ వేసేవాళ్లకి కావాలి.

పటమటోడు: 2021లో అదే హైదరాబాద్‌లో మేయరూ డిప్యూటీ మేయరూ ఇద్దరూ ఆడవాళ్లే. అయితే ఏం? సిబ్బందిని నడిపేది కమిషనర్. ఆ కుర్చీలో మగాడున్నా అంతే.

గోదారిగట్టు: మీకెవరికీ అర్థం కాదు. 2014లో ఈ వార్డు కౌన్సిలర్‌ని నేనే. ఏ స్తంభానికి లైటు లేదో నిద్రలో అడిగినా చెప్తా. 2021కి దీన్ని జనరల్ మహిళ చేశారు, అంటే ఆడవాళ్లే నిలబడాలి. మా ఆవిణ్ణి నిలబెట్టమన్నారు, ఒప్పుకోలేదు.

పాత గుమాస్తా: ఒప్పుకోనిది ఆవిడా, మీరా?

గోదారిగట్టు: ఇంటి విషయాలు మీకెందుకు?

పాత గుమాస్తా: ఇంటి ఫోన్ సంగతి ఎత్తింది మీరే! కోపం ఎన్నికకో వార్డుకి రిజర్వేషన్ మార్చే రొటేషన్ మీదైతే అది చెప్పండి, నేనూ కలుస్తా. ఆ ఫైలు అడిగినావిడ వార్డు మరుసటిసారి జనరల్ అయింది. పార్టీ టికెట్ ఇవ్వలేదు. "మీ కోటా అయిపోయిందమ్మా" అన్నారట.

గోదారిగట్టు: ... మా ఆవిడ నిలబడతాననే అంది. నేనే, ఫోన్ ఎత్తే మొగుణ్ణి కాలేక.

చింతచిగురు: ఇంతకీ కాలువ తీశారా?

గోదారిగట్టు: తీశారు, సగం. మట్టంతా మా గేటు ముందు పోసి పోయారు.