పట్టపగలు హారర్ తీస్తే జానర్‌కు ఎదురు వెళ్లినట్టేనా?

చిత్రలేఖ: విద్యార్థులు తీసిన 2 నిమిషాల హారర్ ఓపెనింగ్ మీద చర్చ. చూడనివారి కోసం: పట్టపగలు, తెల్లటి వంటిల్లు. ఒకమ్మాయి బల్ల మీద 4 కంచాలు పెడుతుంది, కాసేపాగి ఒకటి తీసేస్తుంది. 1:20 దగ్గర మూసిన అల్మరాలోంచి 3 సార్లు తట్టిన చప్పుడు. తల తిప్పకుండానే "ఇప్పుడే కాదు" అంటుంది. ఎర్రక్షరాల టైటిల్. ఒంటరి ఇల్లు, మూసిన తలుపు, దానివైపు మెల్లగా జరిగే కెమెరా, ఇవన్నీ జానర్ ఆనవాయితీలే. చీకటి లేదు, మ్యూజిక్ లేదు, అమ్మాయికి భయం లేదు. జానర్‌ను బాగా సవాలు చేశారని నా అభిప్రాయం.

కత్తెర: కిటికీ మొత్తం బర్న్ అయిపోయిందండీ, వెలుగెక్కువై తెల్లగా పాలిపోయింది. ముఖానికి తగ్గట్టు ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుగు) పెట్టి కిటికీని గాలికొదిలేశారు. అద్దానికి 0.6 ఎన్‌డీ జెల్ (రంగు మార్చకుండా వెలుగు తగ్గించే పల్చటి షీట్) అతికిస్తే వెలుగు 2 స్టాపులు, అంటే నాలుగో వంతుకు దిగేది. పగటి వెలుగులో భయపెట్టాలంటే అల్మరా సందులో నల్లటి గీతైనా కనపడాలి. ఇక్కడ ఎక్కడా నీడే లేదు.

ధ్వని: మ్యూజిక్ లేదనకండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే 0:40 నుంచి 40 హెర్ట్జ్ దగ్గర, అంటే బాగా లోతైన స్థాయిలో, గుయ్‌మనే రొద ఉంది. ఫోన్ స్పీకర్‌లో దాదాపు పలకదు. వినపడాలంటే 200 హెర్ట్జ్ పైన హార్మోనిక్స్ (అదే శబ్దానికి రెట్లలో ఉండే పై స్థాయి ధ్వనులు) కలపాలి. లేదా పూర్తిగా తీసేసి రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పుడు గదిలో సహజంగా ఉండే సన్నటి చప్పుడు) ఒక్కటే ఉంచాలి, అప్పుడే అది నిజమైన ఎదురీత.

నీలిమ: టైటిల్ అక్షరాలు వణకడం మానేస్తే చాలు.

చిత్రలేఖ: రొద సంగతి ఒప్పుకుంటాను, తీసేయాలి. కానీ కత్తెరగారూ, నేనడిగింది జానర్ గురించి.

కత్తెర: నేను చెప్పేదీ జానర్ గురించే. కిటికీ అలా ఉంటే చూసేవాడు అది ఉద్దేశపూర్వకం అనుకోడు, పొరపాటనుకుంటాడు. పొరపాటనుకున్నాక మీ సవాలు ఎవరికి కనపడుతుంది?

చిత్రలేఖ: కిటికీ, కిటికీ! ఆ అమ్మాయి గురించి ఒక్క మాటైనా రాశారా? అసలు సినిమా చూశారా, కిటికీనే చూస్తూ కూర్చున్నారా?

కత్తెర: చూశాను కాబట్టే చెబుతున్నా. "ఇప్పుడే కాదు" అనగానే కథ అయిపోయింది. లోపల ఏదో ఉంది, ఆమెకు తెలుసు. అది షార్ట్ ఫిల్మ్‌కు ముగింపు, ఓపెనింగ్ కాదు. 1978 నాటి 'హాలోవీన్' మొదట్లో హంతకుడి కళ్లతోనే చూస్తాం, మాస్క్ తీశాక 6 ఏళ్ల పిల్లాడు. అక్కడా మెలిక ఉంది, కానీ "ఎందుకు" అన్న ప్రశ్న అక్కణ్ణుంచే మొదలవుతుంది. మీ దాంట్లో ప్రశ్న ఏది?

చిత్రలేఖ: నాలుగో కంచం. అది ఎవరిది, ఎందుకు తీసింది?

కత్తెర: అది వైడ్ షాట్‌లో ఒక్క సెకను ఉంది. ఎవరి కంట పడుతుంది? 3 సెకన్ల క్లోజప్ ఇవ్వండి.

చిత్రలేఖ: క్లోజప్ వేస్తే వేలెత్తి చూపినట్టే. చూసేవాళ్లు వాళ్లంతట వాళ్లే పట్టుకోవాలి.

ధ్వని: క్లోజప్ అక్కర్లేదు. కంచాలు పెట్టేటప్పుడు ఒక్కో చప్పుడుకూ మధ్య ఎంత వ్యవధి ఉందో, తట్టిన 3 చప్పుళ్లకూ అంతే ఉంచండి. నాలుగోది రావాల్సిన చోట రూమ్ టోన్ మాత్రమే వినపడాలి. టైటిల్ ఆ తర్వాతే.

కత్తెర: ఇది బాగుంది. అలా కట్ చేసి పెట్టండి, చూస్తాను. కిటికీ షాట్ మాత్రం మళ్లీ తీయాల్సిందే.