1987లో కువైట్ దీనారు మన రూపాయల్లో ఎంత ఉండేది? ఇంట్లో లెక్క తేలట్లేదండి

రాజోలు కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. మా అమ్మ 1987లో కువైట్ వెళ్ళింది, ఇంటిపనికి. 90లో యుద్ధమప్పుడు వచ్చేసి మళ్ళీ 93లో వెళ్ళి 98 దాకా చేసింది. పంపిన డబ్బంతా తాతయ్య పేరు మీదే, దాంతోనే ఇప్పుడు మావయ్యలుంటున్న డాబా లేచింది, ముప్పై సెంట్ల కొబ్బరితోట కూడా కొన్నారు. ఇప్పుడు పంపకాల మాట వచ్చేసరికి పెద్ద మావయ్య "ఆ రోజుల్లో దీనారంటే పదమూడు రూపాయలేరా, మీ అమ్మ పంపింది పాలోడికే సరిపోయేది" అంటన్నాడు. అమ్మ దగ్గర ఓ నోటుబుక్కుంది, నెలనెలా రాసుకుంది కానీ అన్నీ దీనార్లే, "30 నాన్నకి", "30 నాన్నకి, 5 చెల్లి పురుటికి" ఇలాగ. రూపాయలు ఎక్కడా లేవు. అమ్మనడిగితే "ఏమోరా, అప్పుడు బానే వచ్చేయి" అంటది తప్ప అంకె చెప్పదు. పదమూడు నిజమేనాండి? ఏ సంవత్సరం ఎంతుండేదో తెలిసినోళ్ళు కాస్త చెప్పండి.

అంబాజీపేట బాబాయ్:
ఆయ్, మీ మావయ్యగారు అబద్ధం ఆడలేదు బాబూ, కాకపోతే ఆ మాట 1961ది. అసలు అంతకుముందు కువైట్‌లో నడిచిందే మన రూపాయి. మన రూపాయలతో అక్కడ బంగారం కొని దొంగతనంగా ఇక్కడికి తెస్తన్నారని 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ వాళ్ళకోసం వేరే రంగు నోట్లు కొట్టింది, గల్ఫ్ రూపాయి అనేవారు, విలువ మాత్రం మన రూపాయంతే. 61లో కువైట్ సొంతంగా దీనారు తెచ్చి, పదమూడు రూపాయల పావలా దగ్గర్లో, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే 13.33 రూపాయలకి ఒక దీనారు లెక్కన పాత నోట్లు మార్చుకుంది. అప్పుడు దీనారూ ఇంగ్లీషోళ్ళ పౌండూ ఒకటే. ఆ రేటు 1966 జూన్ 6 దాకానే, ఆ రోజు ఇందిరమ్మ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది, డాలరు 4.76 నుంచి 7.50కి పోయింది, దీనారు ఒక్క రాత్రిలో ఇరవయ్యొకటి అయిపోయింది. అంటే మీ అమ్మగారు విమానం ఎక్కడానికి ఇరవయ్యేళ్ళ ముందే పదమూడు కథ అయిపోయింది. మావయ్యగారు ఎవరో పెద్దాళ్ళు చెప్పింది పట్టుకుని కూర్చున్నట్టున్నారు.

పాత కౌంటర్ మనిషి:
నేను అమలాపురంలో బ్యాంకులో చేసి రిటైరయ్యాను, గల్ఫ్ డ్రాఫ్టులు చేతులు నొప్పెట్టేదాకా చూసినోణ్ణి. దీనారుకి రూపాయల్లో తిన్నగా పాత పట్టిక దొరకడం కష్టం, కానీ రిజర్వు బ్యాంకు ఏటేటా వేసే గణాంకాల పుస్తకంలో డాలరు సగటు రేటు ఉంటుంది, దీనారుకి ఎన్ని డాలర్లో కనుక్కుని రెండూ హెచ్చవేస్తే సరి. 1987-88లో డాలరు సగటున 12.97, దీనారు సుమారు 3.59 డాలర్లు, అంటే నలభయ్యారున్నర. 89-90లో డాలరు 16.65 అయింది, దీనారు మాత్రం 3.40కి తగ్గింది, అయినా యాభయ్యారు పైన. తర్వాత 91 జులైలో రెండు విడతలుగా రూపాయిని దించారు, 92 మార్చి నుంచి ఏడాదిపాటు దేశంలో రెండు రేట్లు నడిచాయి, ఆ ఏడాది లెక్క ఎవరికైనా తలనొప్పే, మీ అదృష్టం అమ్మగారు అప్పుడు ఇక్కడే ఉన్నారు. 93-94 వచ్చేసరికి డాలరు 31.37, దీనారు నూటనాలుగు దాకా. 97-98లో 37.16, అంటే దీనారు నూటఇరవై పైమాటే.

ఇవి ఏడాది సగటులు అన్న సంగతి మర్చిపోకండి. చేతికొచ్చింది ఇంతే అని కాదు. రూపాయల డ్రాఫ్టు అక్కడి ఎక్స్ఛేంజి కౌంటర్లో ఆ రోజు బోర్డు మీదున్న రేటుకి కడతారు, కమీషన్ వేరే, అది రిజిస్టర్ పోస్టులో వచ్చి మన దగ్గర జమ అయ్యేసరికి రోజులు పట్టేది, కానీ రూపాయలు అక్కడే ఖాయమైపోయేవి. కాబట్టి తాతయ్యగారి పాత పాస్‌బుక్కు దొరికితే వెతకండి. నోటుబుక్కులో 30 దీనార్లు, పాస్‌బుక్కులో పక్క నెలలో పద్నాలుగొందల దగ్గర్లో పడిందంటే ఇంక ఏ పట్టికా అక్కర్లేదు.

చెరువుగట్టు రాజు:
నాకైతే ఒకటే డౌటండి, మా భీమవరంలో రొయ్యలకి రోజూ డాలరు చూసుకునే అలవాటుతో అడుగుతున్నా. సరే నెలకి పద్నాలుగొందలు పంపింది అనుకుందాం, ఇప్పటి రేటు పెట్టి 30 దీనార్లు ఇన్ని వేలు అని మావయ్య దగ్గర అనకండి, తప్పయిపోద్ది, అప్పటి పద్నాలుగొందలకి ఎంత సిమెంటు వచ్చేదో, సెంటు భూమి ఎంతుండేదో అదే లెక్క. తోట రిజిస్ట్రేషన్ కాగితాల్లో రేటు రాసుంటది కదా, దాంతో భాగించండి, అమ్మ ఎన్ని నెలల జీతం ఆ మట్టిలో ఉందో తేలిపోద్ది.

రాజోలు కుర్రోడు:
రాజుగారూ మీ మాట బాగా పట్టింది, కాగితాలు పెద్ద మావయ్య బీరువాలోనే ఉన్నాయి, అదే చిక్కు. పాస్‌బుక్కు మాత్రం అమ్మమ్మ పెట్టెలో దొరికింది, 88 మార్చిలో 1,398 పడింది, నోటుబుక్కులో దానికి ముందు నెల 30. అంటే నలభయ్యారున్నర పైన, కౌంటర్ బాబాయ్ గారు చెప్పినంతే. ఇంకోటి, 89లో రెండు నెలలు నోటుబుక్కులో ఉంది కానీ పాస్‌బుక్కులో లేదు. అమ్మనడిగితే ఎవరో ఊరాయన చేతికి ఇచ్చి హుండీలో, అంటే బ్యాంకుతో పనిలేకుండా మనుషుల చేతుల మీదుగా, పంపానంది, రేటు ఎక్కువిచ్చారంట, అవి చేరాయో లేదో ఇప్పుడెవరు చెప్తారు.

90 ఆగస్టు దగ్గర "95 నా దగ్గర" అని రాసి కొట్టేసింది. అది ఎందుకో అర్థం కాలేదు.

అంబాజీపేట బాబాయ్:
అది నేను చెప్తా, నేనూ ఆ గుంపులోనే వచ్చా. ఆగస్టు 2న ఇరాకోళ్ళు దిగారు, ఆనక ఇరాక్ దీనారూ కువైట్ దీనారూ ఒకటేనన్నారు, తర్వాత కువైట్ దీనారు చెల్లదన్నారు. బస్సుల్లో బాగ్దాదు మీదుగా అమ్మాన్, అక్కణ్ణించి బొంబాయి. ఒంటి మీద దాచుకున్న దీనార్లు బొంబాయిలో చూపిస్తే ఎవడూ ముట్టుకోలేదు. తర్వాత 91 మార్చిలో కువైట్ కొత్త నోట్లు దించింది, పాతవి గడువు లోపల మార్చుకోవాలి, ఇరాకోళ్ళు ఎత్తుకుపోయిన నంబర్లయితే అసలు చెల్లవు. గడువు దాటాక మన పల్లెటూళ్ళలో ఎవరు మారుస్తారు. మీ అమ్మగారి 95కి రేటు ఎంతంటే, సున్నా.

రాజోలు కుర్రోడు:
ఇప్పుడే వెళ్ళి అడిగాను బాబాయ్. బియ్యం డబ్బా అడుగున ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి, నాలుగు ఇరవైలు, ఒక పది, ఒక అయిదు. ఫోటో తీసి పెడదామంటే మావయ్యకి చూపిస్తావేమో అని ఇవ్వనంటోంది.