నాలుగు గట్లూ కొలిచాం, సెంట్లు ఎందుకు కలవట్లేదు?

వంశధార_ఒడ్డు:
ఒడిశాలో కాశీనగర్ దగ్గర మెట్ట పొలం. చుట్టూ వరసగా గట్లు 180, 120, 150, 90 అడుగులు. ఎదురెదురు గట్ల సగటు తీసి గుణిస్తే 165 × 105 = 17,325 చదరపు అడుగులు, అంటే 39.77 సెంట్లు. అమ్మేవాళ్లది ఈ లెక్కే. భూమి కొలిచే అమీన్ మాత్రం 38 చిల్లర అంటున్నాడు. ఎవరిది సరి?

గొలుసు_కొలత:
అమీన్‌దే అన్నా. గట్ల పొడవులు ఒక్కటే తెలిస్తే విస్తీర్ణం తేలదు. నులకమంచం కోడు వదులైతే పట్టెలు అవే ఉన్నా మంచం ఒక పక్కకి ఒరిగిపోతుంది చూడండి, పొలమూ అంతే. మూల నుంచి ఎదురు మూలకి టేపు పట్టాల్సిందే.

180, 120 గట్లు కలిసే మూల వదిలేసి, వాటి అవతలి కొసల మధ్య కొలవండి. 210 అడుగులు వచ్చిందనుకుందాం. రెండు త్రిభుజాలయ్యాయి. మొదటిదానికి 180, 120, 210 కూడి సగం చేస్తే 255. అందులోంచి ఒక్కో భుజం తీసేస్తే 75, 135, 45. నాలుగూ గుణించి వర్గమూలం కడితే 10,779. రెండోది (150, 90, 210) ఇలాగే 5,846. మొత్తం 16,625, అంటే 38.17 సెంట్లు. అదే మూలకొలత 230 వస్తే, గట్లు ఏమీ మారకుండానే, 33.28 సెంట్లకి పడిపోతుంది!

సగటు లెక్క ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, సరిగ్గా దీర్ఘచతురస్రమైతే తప్ప. 628లోనే బ్రహ్మగుప్తుడు దాన్ని స్థూలం, అంటే ఉజ్జాయింపు లెక్క అన్నాడు. అమ్మేవాళ్లకి అదే ఎందుకు ఇష్టమో వేరే చెప్పాలా?

వంశధార_ఒడ్డు:
210 అడుగులే వచ్చింది. కొలత తప్పలేదని ఎలా తెలుస్తుంది?

గొలుసు_కొలత:
రెండో మూలకొలత కూడా పట్టండి. 176 అడుగుల దగ్గర రావాలి. అడుగో రెండో తేడా ఉంటే టేపు వేలాడిందేమో చూడండి. పది అడుగులైతే ఏదో గట్టు కొలత తప్పు. ఒక మూల లోపలికి నొక్కుకుని ఉంటే ఈ మూలకొలత పొలం బయటికి పోవచ్చు, అప్పుడు రెండు త్రిభుజాలు కూడకూడదు, తీసెయ్యాలి.

మహేంద్రగిరి_వాలు:
ఏటవాలు నేలైతే టేపు నేలమీద పరచొద్దు. 15 డిగ్రీల వాలులో 100 అడుగులు మట్టంగా కొలిస్తే 96.6 మాత్రమే. టేపు మట్టంగా పట్టుకుని, ఓలంబం (కొసన బరువు కట్టిన దారం) వదిలి, ముక్కలు ముక్కలుగా దిగండి.

ఇంకోటి, బేరం గుంఠాల్లో మాట్లాడితే జాగ్రత్త. ఒడిశా గుంఠం ఎకరాలో 25వ వంతు, తెలంగాణ, మహారాష్ట్రల్లో 40వ వంతు. మీ పొలం ఇక్కడ 9.54 గుంఠాలు, అక్కడి లెక్కలో 15.27. పట్టాలో ఉండే డెసిమిల్ మాత్రం మన సెంటే, 435.6 చదరపు అడుగులు.