స్పీడ్‌టెస్ట్‌లో 290, తెరమీద మసక: వీడియోను ఇంటర్నెట్ కంపెనీయే తొక్కిపెడుతోందా?

మహదేవపుర నివాసి
మా ఇంట్లో 300 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది. పగలంతా ఏ ఇబ్బందీ ఉండదు గానీ, రాత్రి ఎనిమిదిన్నర దాటిందంటే యూట్యూబ్ స్పష్టత 480పి దగ్గర చతికిలబడుతుంది. అదే నిమిషంలో స్పీడ్‌టెస్ట్ పెడితే 290 చూపిస్తుంది. ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ అనే యూట్యూబ్ లెక్కల పట్టీ తెరిచి చూస్తే కనెక్షన్ స్పీడ్ 2,000 కేబీపీఎస్ (అంటే రెండు ఎంబీపీఎస్) అటూఇటూగా కొట్టుకులాడుతూ, బఫర్ హెల్త్ (ముందుగా దించుకుని ఉంచిన వీడియో) మూడు నాలుగు సెకన్లకు పడిపోతోంది. ఏ సేవనూ ప్రత్యేకించి నెమ్మదింపజేయరాదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 నవంబరులో సిఫార్సు చేయగా, టెలికాం శాఖ 2018 జులైలో ఆమోదించింది కదా. మరి ఇది ఆ నిబంధనను తుంగలో తొక్కడం కాదా? బెంగళూరులో ఇంకెవరికైనా ఇలాగే ఉంటే చెప్పగలరు.

మారతహళ్లి మిత్రుడు
మాకూ ఇదే తంతు. క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రి మరీ ఘోరం.

తీగల మనిషి
నివాసి గారూ, మీరు చెప్పిన రెండు అంకెలు రెండు వేర్వేరు దారులవి. స్పీడ్‌టెస్ట్ సర్వర్లలో చాలావాటిని ఇంటర్నెట్ కంపెనీలే తమ నెట్‌వర్కులో పెట్టుకుంటాయి కాబట్టి, ఆ పరీక్ష మీ ఇంటి నుంచి కంపెనీ గుమ్మం దాకా ఉన్న వేగాన్నే చెబుతుంది. వీడియో మాత్రం కంపెనీ ఆవరణలో యూట్యూబ్ యజమాని గూగుల్ వీడియోల నకళ్లు దాచి ఉంచిన క్యాష్ సర్వర్ నుంచో, అది చాలనప్పుడు రెండు నెట్‌వర్కులు కలిసే పోర్టు గుండానో వస్తుంది. సాయంత్రం ఆరు గంటలకు సిల్క్ బోర్డు జంక్షన్‌లో ఎంత ఖరీదైన కారైనా కదలనట్టే, ఆ పోర్టు నిండిపోయిన రాత్రి మీది 300 అయినా 1000 అయినా వీడియోకు అందేది అంతే. ఇది రద్దీయే తప్ప, వీడియోను వేరుచేసి తొక్కడం కాదు.

పైగా 4కే వీడియోకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్, యూట్యూబ్ అడిగేది 20. కాబట్టి 300 అన్న అంకెను పట్టుకుని వేలాడి ప్రయోజనం లేదు. ముందు ఇల్లు చక్కబెట్టుకోవాలి. చాలా టీవీల లాన్ పోర్టు (తీగ గుచ్చే చోటు) 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై అపార్ట్‌మెంట్లలో చుట్టుపక్కల రూటర్లన్నిటితో కలిసి నలిగిపోతుంది; నెట్‌ఫ్లిక్స్ బేసిక్ ప్లాన్ 720పి దాటనివ్వదు. ఇవేవీ చూడకుండా కంపెనీని తిట్టడం ఆడలేక మద్దెల ఓడన్నట్టుంటుంది.

మహదేవపుర నివాసి
నేను అడిగింది యూట్యూబ్ గురించి, మీరు చెబుతున్నది నెట్‌ఫ్లిక్స్ ప్లాన్ల గురించి. పగలు అదే టీవీ, అదే రూటర్, అదే తీగ 4కే వీడియోను నిక్షేపంగా ఆడిస్తున్నాయి. రాత్రి వీపీఎన్ (ట్రాఫిక్‌ను గుప్తీకరించి మరో సర్వర్ గుండా పంపే సాధనం) వేసుకోగానే వీడియో 1440పికి ఎగబాకుతోంది. లోపల పోతున్నది ఏమిటో కనిపించదు కాబట్టే కంపెనీ దాన్ని ఆపలేకపోతోంది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

తీగల మనిషి
వీపీఎన్ రుజువు కాదు. అది మీ వీడియోను దాచడంతోపాటు దారిని కూడా మార్చేస్తుంది. నిండిన పోర్టును తప్పించుకుని వేరే పోర్టు గుండా వచ్చినా మీకు కనిపించే ఫలితం ఇదే. గుప్తీకరణ ఉన్నా, కనెక్షన్ మొదలయ్యేటప్పుడు వెళ్లే సందేశంలో ఎస్‌ఎన్‌ఐ అనే భాగంలో సైటు పేరు సాధారణంగా బయటికి కనిపిస్తుంది కాబట్టి, వీడియోను గుర్తుపట్టి తొక్కడం కంపెనీకి చేతకాని పని అని నేను అనడం లేదు. చేతనవడం వేరు, చేయడం వేరు. తేల్చుకోవాలంటే నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తయారుచేసిన వెహీ అనే యాప్ ఉంది. అది రికార్డు చేసిన వీడియో ట్రాఫిక్‌ను ఒకసారి ఉన్నదున్నట్టు, మరోసారి గుర్తుపట్టకుండా మార్చి, ఒకే సర్వర్ నుంచి రప్పిస్తుంది. రెండింటికీ వేగంలో తేడా వస్తే తొక్కుతున్నట్టు. వాళ్లు 2019లో అమెరికాలో బయటపెట్టినది కూడా ప్రధానంగా మొబైల్ కంపెనీల వ్యవహారమే.

వైట్‌ఫీల్డ్ వెంకన్న
నెలకు 3,300 జీబీ పరిమితి దాటిపోయిందేమో చూశారా?

మహదేవపుర నివాసి
వెంకన్న గారూ, పరిమితి దాటితే పగలు కూడా తగ్గాలి కదండీ.

తీగల మనిషి గారికి ఒక మాట. రాత్రి సమస్య అని స్పష్టంగా రాసి ఫిర్యాదు ఇస్తే, కుర్రవాడు పొద్దున పదకొండింటికి వచ్చాడు. ఫైబర్ బాక్సు లైట్లు చూసి, తన ఫోనులో స్పీడ్‌టెస్ట్ పెట్టి, ఆ అంకెను ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. అతను లిఫ్టు దిగేలోపే ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని మెసేజి వచ్చింది. రాత్రికి మళ్లీ మామూలే. మూడుసార్లు ఫోను చేస్తే మూడుసార్లూ రూటర్ ఆపి మళ్లీ వేయమన్నారు. ఈ బాధ పడినవాడిని యాప్ దించుకుని పరీక్ష రాయమంటున్నారు మీరు. ఉద్యోగం ఏ కంపెనీలోనో చెబితే మీ వాదన ఇంకా బాగా అర్థమవుతుంది.

తీగల మనిషి
నా ఉద్యోగంతో మీకేం పని? నేను ఏ ఇంటర్నెట్ కంపెనీ జీతమూ తినడం లేదు. ఒక ఆఫీసు నెట్‌వర్కు చూసుకుంటాను. రోజూ ఇటువంటి నింద మోసేవాడిని కనుకనే ఆధారం అడుగుతున్నాను. తొక్కుతున్నారని రాస్తే లైసెన్సు నిబంధన ఉల్లంఘన ఆరోపించినట్టు. అది అల్లాటప్పా ఆరోపణ కాదు.

మారతహళ్లి మిత్రుడు
ఇద్దరూ కొంచెం శాంతించండి. వీడియో కన్నా మీరే వేడెక్కుతున్నారు.

బెళ్లందూరు కోశాధికారి
నేను మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో లెక్కలు చూస్తాను. ఇంతసేపు చదివాక నాకు ఒక సందేహం వచ్చింది. అమెరికాలో కామ్‌కాస్ట్ అనే ఇంటర్నెట్ కంపెనీ కనెక్షన్లపై నెట్‌ఫ్లిక్స్ వేగం నెలల తరబడి పడిపోయింది. 2014 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ డబ్బు కట్టి నేరుగా కలిసే ఒప్పందం చేసుకున్నాకే మళ్లీ పుంజుకుంది. అక్కడ వీడియోను ఎవరూ వేరుచేసి తొక్కలేదు, నిండిన పోర్టులను పెంచలేదంతే. మన దేశంలోనూ పెద్ద వీడియో సంస్థలు నెట్‌వర్కు ఖర్చులో వాటా ఇవ్వాలని టెలికాం కంపెనీల సంఘం కొన్నేళ్లుగా అడుగుతోంది. పోర్టు నిండిందని తెలిసీ పెంచకుండా కూర్చుంటే, చూసేవాడికి రెండింటికీ తేడా ఏమిటండీ?

తీగల మనిషి
తేడా ఉంది మేడమ్. ఒకటి నిషిద్ధం, మరొకటి పిసినారితనం. ఇళ్ల కనెక్షన్లలో ఒకే సామర్థ్యాన్ని 50 మంది దాకా పంచుకోవచ్చని 2009లో ట్రాయే మార్గదర్శకాలు ఇచ్చింది. పంచుకునేదాన్ని పంచుకునేదిగానే కొంటున్నాం.

మహదేవపుర నివాసి
ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు. పోర్టు ఎంత నిండిందో చూపే గ్రాఫు నా దగ్గర ఉండదు, కంపెనీ దగ్గర ఉంటుంది. తెలిసిన కంపెనీ నోరు విప్పదు. తెలియని నేను రుజువు చేయాలి. ఈ న్యాయం ఎక్కడిది? ట్రాఫిక్‌ను ఎలా నిర్వహిస్తున్నారో కనిపెట్టి చూడటానికి అన్ని పక్షాలతో ఒక సంస్థ ఉండాలని ట్రాయ్ 2020 సెప్టెంబరులో సిఫార్సు చేసింది. అటువంటిది ఉంటే ఈ యాప్‌ల గోల నాకెందుకు? నచ్చకపోతే కంపెనీ మార్చుకోమంటారేమో, మా అపార్ట్‌మెంట్‌లో ఒక్క కంపెనీ తీగకే అనుమతి. తీగలు పైకి వెళ్లే షాఫ్టులో రెండో తీగ వేయనివ్వరు.

తీగల మనిషి
అయితే మీ తగవు మీ అసోసియేషన్‌తో. ఆ మాట మొదటి పోస్టులోనే రాసి ఉండవలసింది. కంపెనీ మీద వెళ్లదలిస్తే ఫిర్యాదు నంబరుతో వాళ్ల అప్పిలేట్ అథారిటీకి (కంపెనీలోనే పై స్థాయి అప్పీలు విభాగానికి) రాయండి. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం ఫిర్యాదులను అక్కడ విచారించవచ్చని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది.

బెళ్లందూరు కోశాధికారి
మాదీ ఒకే కంపెనీ ఒప్పందమే, త్వరలో పునరుద్ధరణకు వస్తోంది. స్పీడ్‌టెస్ట్ అంకె ఒక్కటీ రాసుకుంటే లాభం లేదని అర్థమైంది. బదులుగా ఏం రాయించాలి?

తీగల మనిషి
రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా పోర్టులు ఎంత నిండుతున్నాయో ప్రతి నెలా గ్రాఫు ఇవ్వాలని రాయించండి. వరుసగా రెండు నెలలు నిండిపోతే రెండో కంపెనీ తీగకు షాఫ్టు తెరుస్తామని కూడా చేర్చండి.

మహదేవపుర నివాసి
మేడమ్, రెండు నెలలు ఎందుకు ఆగాలి? ముందు రెండో తీగ వేయించండి, గ్రాఫు ఆ తర్వాత అడగవచ్చు.

తీగల మనిషి
రెండో కంపెనీ పోర్టు ఖాళీగా ఉందని ఎవరు చెప్పారు మీకు?